రిజిస్ట్రార్ గారికి బహిరంగ లేఖ: మా అమ్మాయి మాట కూడా వినండి

గౌరవనీయులైన విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ గారికి నమస్కారాలు.

3 సార్లు వినతిపత్రం ఇచ్చినా జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

దరఖాస్తులో నకిలీ ధ్రువపత్రం ఉందంటూ మా అమ్మాయి ప్రవేశాన్ని రెండో సెమిస్టర్ మధ్యలో రద్దు చేశారు. ఆ ఫారం నింపింది ఒక ఏజెంటు. అతణ్ని నమ్మిన తప్పు నాది, అమ్మాయిది కాదు. సంతకం తనది కాదని ఆమె మొదటి రోజు నుంచీ చెబుతోంది. షోకాజ్ నోటీసు లేదు, విచారణ లేదు. ఏ పత్రం నకిలీదో కూడా మాకు చూపలేదు.

మోసం రుజువైతే సీటు పోవలసిందే, కాదనను. అయితే ఎదుటివారి వాదన వినకుండా శిక్షించరాదన్నది సహజ న్యాయ సూత్రం. సంతకాన్ని నిపుణులు పోల్చి చూడగలరు. దరఖాస్తు ఏ ఫోన్ నంబరుతో, ఏ రోజు దాఖలైందో మీ సర్వర్‌లోనే వెతకవచ్చు. ఆ రికార్డు చెరిగిపోతే మాకు వేరే ఆధారం ఉండదు.

అమ్మాయి ఇప్పటికీ తరగతి వేళకే తయారై కూర్చుంటోంది. కోర్టుకు వెళ్లగలం, కానీ తీర్పు వచ్చేలోగా ఆమె విద్యా సంవత్సరం గడిచిపోతుంది.

దయచేసి అసలు దరఖాస్తును, లాగిన్ వివరాలను భద్రపరిచి మాకు ప్రతులు ఇప్పించండి. లిఖితపూర్వక నోటీసు ఇచ్చి 15 రోజుల్లో విచారణ జరపండి. అంతవరకు ఆమెను పరీక్షలు రాయనివ్వండి, ఫలితాలు నిలిపి ఉంచినా సరే.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి