ఆ గది తాళం తీయించండి: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

సఖినేటిపల్లి మండలంలోని ఒక గోదావరి లంక నుంచి ఒక కొబ్బరి రైతు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మా ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికొక రోజు తెరుస్తామన్న ఆక్యుపంక్చర్ (ఒంట్లో కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చే చికిత్స) గది గురించి ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. నాలుగో అర్జీకి "సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకు సందేశం వచ్చిన పూట నేను ఆ గది ముందే నిలబడి ఉన్నాను. తలుపుకు తాళం వేసి ఉంది.

నా భార్యకు రొమ్ము క్యాన్సరు. కీమో ఎక్కించిన మర్నాటి నుంచి నాలుగు రోజులు ఆమెకు గంజి కూడా ఇమడదు. కీమో మందు పేగు గోడలోని కణాల నుంచి సెరటోనిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా విడుదల చేయిస్తుందని, అది పేగుకూ మెదడుకూ మధ్య ఉండే వేగస్ నాడి ద్వారా మెదడులోని వాంతి కేంద్రానికి కబురు పంపుతుందని డాక్టరు గారు మాకు ఓపికగా చెప్పారు. మన ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం తయారయ్యేది పేగులోనేనట. ఆ కబురును అడ్డుకునే మాత్రలు ఆయన ఇచ్చారు, అవి వాంతులను చాలావరకు ఆపాయి కూడా. ఆగనిది వికారం. పొయ్యి మీద పులుసు మరిగితే చాలు, ఆమె లేచి పెరట్లోకి వెళ్లిపోయేది.

ఆ వికారానికే, మాత్రలు మానకుండా, అవతలి ఒడ్డున శిక్షణ పొందిన ఒక వైద్యురాలి దగ్గర సూదులు వేయిస్తున్నాము. మణికట్టు మడతకు మూడు వేళ్ల పైన, నరాల్లా తేలే రెండు స్నాయువుల మధ్య ఒక సూది. మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల దిగువన మరొకటి. మొదటిసారి వేయించిన సాయంత్రమే ఆమె తానై అడిగి అర గ్లాసు మజ్జిగ తాగింది. ఇది మా ఒక్కరి నమ్మకం కాదు: కీమో వికారానికీ, ఆపరేషన్ తర్వాతి వికారానికీ ఆక్యుపంక్చర్ ఉపయోగపడుతుందని 1997లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం తేల్చింది. సూది పోటుకు ఒంట్లో ఎండార్ఫిన్లు, అంటే నొప్పిని తగ్గించే సహజ రసాయనాలు, విడుదలవుతాయనీ, వాటిని అడ్డుకునే నాలక్సోన్ అనే మందు ఇస్తే నొప్పి తగ్గింపు కూడా తగ్గుతుందనీ పరిశోధకులు 1970లలోనే చూశారు. క్యాన్సరును సూదులు నయం చేస్తాయని నేను అనడం లేదు. అలా చెప్పి లాడ్జి గదుల్లో డబ్బు గుంజేవాళ్లను చూశాను, వాళ్ల మాట విని మందులు మానేసినవాళ్లనూ చూశాను.

అందుకే ఆ గది ఆసుపత్రిలోనే ఉండాలని వేడుకుంటున్నాను. కీమో సమయంలో రోగక్రిములతో పోరాడే తెల్లకణాలు, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రక్త పరీక్ష చూడకుండా సూది గుచ్చకూడదు, ఒకరికి వాడిన సూది మరొకరికి తగలకూడదు. ఆ పరీక్ష కాగితం ఉండేది మీ ఆసుపత్రిలో, సూది వేసే మనిషి ఉన్నది నది అవతల. నరసాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలి. ఇంజను పొగ వాసనకు ఆమె కొంగు నోటికి అడ్డుపెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంటుంది, నేను పక్కన ప్లాస్టిక్ కవరు పట్టుకుని నిలబడతాను. వరదొచ్చి పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. వికారం తగ్గించుకోవడానికి చేసే ఆ ప్రయాణంలో ఆమె దారి పొడవునా కక్కుకుంటూనే ఉంటుంది. పోయిన విడతకు "ఇక వద్దులెండి, ఇంట్లోనే పడుంటాను" అంది.

2019 ఫిబ్రవరి 21న కేంద్రం ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించిన సంగతి మీకు తెలియనిది కాదు. మాకు కొత్త భవనం అక్కర్లేదు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు. అర్హత ఉన్న ఒక్క మనిషి, క్యాన్సరు డాక్టరు గారి కనుసన్నల్లో, వారానికి ఒక్క పూట వస్తే చాలు. ఆ మనిషి ఎప్పుడొస్తారో కనీసం ఒక తేదీ చెప్పించండి, అయ్యా. ఎవరిని అడిగినా "పైనుంచి రావాలి" అంటున్నారు. ఆ పైన ఉన్నది మీరే కదా అని ఈ లేఖ మీకు రాస్తున్నాను.

నా భార్యకు ఇంకా మూడు విడతల కీమో మిగిలి ఉంది. మొదటిది వచ్చే నెలలోనే, గోదావరికి ఎర్రనీరు తగిలే రోజుల్లో.

భవదీయుడు,
సఖినేటిపల్లి మండల రైతు