మెడ వెనక రెండో కొమ్ము

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఐదో తరగతి బోర్డుకు రెండు బొమ్మల ప్రింట్లు తగిలించి, ఏమీ చెప్పకుండా పక్కన నిలబడ్డాను. ఒకటి ఖడ్గమృగం, ఇంకోటి జీబ్రా. కాసేపు ఒకటే గోల. "ఇనప చొక్కా వేసుకుంది మేడం" అన్నాడొకడు. గోల తగ్గాక చివరి బెంచీ పాప మెల్లగా అంది: "మేడం, దీనికి మెడ వెనక ఇంకో కొమ్ముంది."

నిజమే, ఉంది. మన దేశపు ఖడ్గమృగానికి ఒక్కటే కొమ్ము. ఆ బొమ్మను 1515లో జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ వేశాడు. గుజరాత్ సుల్తాను ఇచ్చిన ఖడ్గమృగం పోర్చుగీసు ఓడలో లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్లారా చూడనేలేదు. ఎవరో పంపిన ఉత్తరం, ఒక చిన్న స్కెచ్ చూసి వేశాడు. మిగతాదంతా ఊహే. లేని ఆ చిన్న కొమ్ము అలా వచ్చి చేరింది.

జీబ్రా కథ దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1621లో జహంగీర్ కొలువుకు అది వస్తే, ఎవరో గుర్రానికి చారలు పూశారేమోనని కొందరు అనుమానపడ్డారట. పాదుషా తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ మాత్రం జంతువును ఎదురుగా పెట్టుకుని, తలకు కట్టిన పగ్గంతో సహా, చారలు కాళ్ల కిందిదాకా ఎలా దిగాయో అలాగే దించాడు. అసలు బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఆ కొమ్మును పట్టుకున్న పాపకు పేర్లూ తేదీలూ ఏవీ తెలియవు. ముందే నేను "ఇది ఖడ్గమృగం, ఫలానా ఆయన వేశాడు" అని చెప్పేసి ఉంటే నోట్సులో రాసుకుని ఊరుకునేది. ఈ మాట నాకు నేను చెప్పుకోవాల్సింది కూడా. రెండేళ్ల కిందట నలభై మందిని ఒక మ్యూజియంలో గంటలో తిప్పేశాను. బయటికొచ్చాక ఏం చూశారంటే అందరూ ఐస్‌క్రీమ్ బండి గురించే చెప్పారు.

వచ్చే శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు బందరు రోడ్డులోని బాపు మ్యూజియంకి వెళ్తున్నాం. 1887లో విక్టోరియా జూబ్లీ పేరుతో పునాది వేసిన భవనంలోని మ్యూజియమే అది. పిల్లలు ఒక్కో జంతువును ఎంచుకుని పది నిమిషాలు దాని ముందే కూర్చుంటారు. బొమ్మయినా సరే, శిల్పమైనా సరే. తోడు వచ్చే అమ్మానాన్నలకు ఒక్క విన్నపం: పక్కనున్న బోర్డు చదివి వినిపించకండి. "ఇది ఎటు చూస్తోంది? బరువు ఏ కాలి మీద ఉంది? నిజం జంతువుకు ఇలా ఉంటుందా?" అని అడిగి ఆగండి. పిల్లవాడు సింహాన్ని కుక్క అన్నా వెంటనే దిద్దొద్దు, ఎందుకలా అనిపించిందో అడగండి. సెల్ఫీలు బయటికొచ్చాక తీసుకుందాం.

రాలేనివాళ్లు ఏదో ఒక ఆదివారం ఉండవల్లి గుహల దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ కూర్చున్న రాతి సింహాల ముఖాలు చూసి మా అబ్బాయి చిన్నప్పుడు "ఇవి నవ్వుతున్నాయా, అరుస్తున్నాయా?" అని అడిగాడు. నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

శనివారానికి పరీక్ష అట్ట, రెండు పెన్సిళ్లు, నీళ్ల సీసా ఇచ్చి పంపండి. రబ్బరు వద్దు. టిఫిన్ బాక్సులో పులిహోర చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు