మురారియు... ఇంకొకడెవడు?

ఒరేయ్ శీనూ,

ముందే చెప్తున్నా, తిట్టకు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. కాగితం తీస్తాను, ఎవరో పిలుస్తారు, అంతే సంగతులు. ఇక్కడ కార్డిఫ్‌లో ఉద్యోగం ఊడలేదు, వాన ఆగలేదు. అమ్మ మోకాలు కాస్త నయం. ఇక అసలు సంగతి.

మొన్న పక్కింటి తాత టీకి పిలిచాడు. అదేరా, కుక్కకి రేడియో పెట్టి బయటికెళ్లే ఆయన. బిస్కెట్ల డబ్బాలోంచి పాత రగ్బీ మ్యాచ్ పుస్తకం తీశాడు. 1988 డిసెంబర్ 10, వేల్స్, రొమేనియా. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి దాచుకున్నాడు. రొమేనియా జట్టు పేర్ల మీద వేలు జరుపుతూ ఒకచోట ఆపాడు. ఫ్లోరికా మురారియు.

నేను పక్కున నవ్వేశాను. మాస్టారు పద్యంలో "మురారియు" అని గుక్క తిప్పుకోగానే, నువ్వు వెనక బెంచీ నుంచి "ఇంకొకడెవడండీ?" అన్నావు చూడు! ఆ బెత్తం దెబ్బల్లో సగం నాకే పడ్డాయి. తాతకి ఇదంతా ఎక్కడ చెప్పను? పైగా ఆయన నవ్వడం లేదు.

ఆ ఏడాది వేల్స్ ట్రిపుల్ క్రౌన్ కొట్టిన జట్టట, అంటే ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ మూడింటినీ ఓడించిందన్నమాట. ఇక్కడి ఆర్మ్స్ పార్క్ స్టేడియంలో రొమేనియాని ఉతికేస్తారని తాత ఉత్సాహంగా వెళ్తే, 15-9తో ఓడిపోయారు. వీళ్ల కెప్టెన్ జొనాథన్ డేవిస్ నెల తిరక్కుండా డబ్బులిచ్చే రగ్బీ లీగ్ అనే వేరే రకం రగ్బీలోకి వెళ్లిపోయాడు. వాళ్ల కెప్టెన్ ఈ మురారియు. ఫ్లాంకరు. అంటే స్క్రమ్, అదే రెండు జట్లూ తలలు ఆనించి నెట్టుకునే గుంపు, విడిపోగానే బంతి ఉన్నవాడి మీద ముందుగా పడేవాడు. "స్టేడియం నుంచి ఇంటిదాకా ఆ మనిషిని తిట్టుకుంటూ నడిచాను" అన్నాడు తాత.

అప్పట్లో వీళ్ల రగ్బీలో జీతాలు ఉండవు. రొమేనియా వాళ్లు దానికో ఉపాయం పెట్టుకున్నారు. స్టేవా క్లబ్బు సైన్యానిది, డైనమో క్లబ్బు హోంశాఖది, ఆటగాళ్లకి అందులోనే కొలువు. 1986లో ఫుట్‌బాల్ యూరోపియన్ కప్ గెలిచింది ఆ స్టేవానే. మురారియు కూడా స్టేవా మనిషే, ఆర్మీ ఆఫీసరు. 1976 నుంచి దేశానికి ఆడుతున్నాడు.

1989 డిసెంబర్ 9న ఎడిన్‌బరోలో స్కాట్లండ్ చేతిలో 32-0తో ఓడాక, క్రిస్టియన్ రాడుకాను అనే ఆటగాడు జట్టు నుంచి జారుకుని ఆశ్రయం అడిగాడు. రెండు వారాలు ఆగితే వాళ్ల నియంత చౌషెస్కూనే పారిపోయేవాడు, పాపం అతనికేం తెలుసు.

చౌషెస్కూ పారిపోయిన రెండో రోజు, డిసెంబర్ 24. ఎవరు ఎవరిని కాలుస్తున్నారో తెలియని రోజులు. రోడ్డు మీద బండ్లు ఆపి తనిఖీ చేసేచోట మురారియుని కాల్చేశారు. గుర్తింపు కార్డు తీయబోతే తుపాకీ అనుకున్నారని తాత విన్నమాట. 34 ఏళ్లురా. ఆర్మీవాణ్ణి.

తాత పేపర్లో ఆ పేరు చూసి, తను తిట్టిన తిట్లు... ఆ మాట పూర్తిచేయలేదు. టీ చల్లారిపోయింది. నాకు నవ్వినందుకు సిగ్గేసింది.

1990 మేలో వాళ్లు ఫ్రాన్స్ వెళ్లి, ఓష్ అనే ఊళ్లో 12-6తో గెలిచారు. ఫ్రాన్స్ గడ్డమీద అదే మొదటి గెలుపు. అది చెప్పేటప్పుడు మాత్రం, వేల్స్ మనిషి అయ్యుండీ, తాత బల్ల మీద గుద్దాడు.

అన్నట్టు ఆ డిసెంబర్‌లో పోయిన రగ్బీ ఆటగాడు మురారియు ఒక్కడే కాదట. ఇంకొకడెవడండీ అన్నావే, మొన్నటి నుంచీ నీ గొంతే... సరే, బస్సు వచ్చేస్తోంది, దారిలో పోస్టు చేయాలి. మిగతాది

నీ
గుండు