జిప్సీ స్టార్ట్ అయింది, సైకిల్ పెద్దాయనకు వేల దండాలు

రాత్రి ఒంటిగంట దాటింది. సర్ఫ్ పెట్టి మూడుసార్లు కడిగినా గోళ్ళల్లో నలుపు పోలేదు, నడుము వంగనంటోంది, అయినా ఇప్పుడే రాసేయాలి, పడుకుని లేస్తే ఇక రాయను, నా సంగతి నాకు తెలుసు. పదకొండు రోజులుగా మా ఇంటి ముందు రేకుల కింద ఇంజిన్ విప్పి పడున్న నా 2004 మారుతి జిప్సీ కింగ్ జీపు ఈ సాయంత్రం 6:20కి స్టార్ట్ అయింది. తెల్ల పొగ లేదు, రేడియేటర్‌లో బుడగలు లేవు. టెంపరేచర్ ముల్లు సగానికి కాస్త కిందే ఆగిపోయింది. అరగంట సేపు ఆ ముల్లునే చూస్తూ కూర్చున్నా.

తెలియనివాళ్ళకు చెప్తా. నార్పల దగ్గర మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది. రోడ్డు దిగినాక మూడు కిలోమీటర్లు గుంతలు, మధ్యలో వంక, వంకలో ఇసుక. మామూలు బండి పోదు. పోయిన నెల మిట్టమధ్యాహ్నం తోట నుంచి వస్తుంటే ముల్లు ఎర్రగీత దాటింది, ఎట్లాగూ ఊరు దగ్గరికి వచ్చేశాం కదా అని ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగాను. ఆ నాలుగు కిలోమీటర్లే నా కొంప ముంచాయి. ఇంటికొచ్చి ఆయిల్ మూత తీస్తే కింద మజ్జిగలో కాఫీ కలిపినట్టు నురగ. హెడ్ గ్యాస్కెట్ పోయింది, అంటే ఇంజిన్ కింది భాగం బ్లాకుకూ దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకూ మధ్య ఉండే పల్చటి సీలు. ఈ ఇంజిన్‌లో బ్లాకూ హెడ్డూ రెండూ అల్యూమినియమే, వేడి ఎక్కువైతే హెడ్డు వంగుతుంది, అది వంగితే మధ్యలో గ్యాస్కెట్ నిలవదు, నీళ్ళు ఆయిల్‌లోకీ సిలిండర్‌లోకీ దిగిపోతాయి.

ముందు పెద్ద షోరూమ్ వర్క్‌షాప్‌కే తోలించాను, పేరు రాయను. మూడు రోజులు ఎండలో పెట్టారు, హెడ్డు ఎత్తి చూసినోడు లేడు, కంప్యూటర్‌లో నుంచి 68 వేల ఎస్టిమేట్ వచ్చింది. "పాత బండి సార్, ఇంజినే మార్చుకోండి, లేదంటే అమ్మేయండి" అన్నాడు ఒక కుర్రాడు, నా మొహం కూడా చూడకుండా. ఎస్టిమేట్ వేసినందుకు 1,500 కట్టించుకున్నారు. ఆ కోపంలోనే నేనే విప్పుతా అని ఇంటికి తెచ్చుకున్నా. చేతిలో రెంచీలు, ఫోన్‌లో వీడియోలు, అంతకుమించి ఏమీ లేదు.

విప్పడం బాగానే జరిగింది. బెల్టు మార్కులకు పెయింట్ పెట్టి ఫోటోలు తీశా, హెడ్ బోల్టులు పదీ బయటి నుంచి లోపలికి కొంచెం కొంచెం వదులు చేశా, ఏ బోల్టు ఎక్కడిదో తెలియడానికి అట్టముక్కకు చిల్లులు చేసి అదే వరసలో గుచ్చా. బెంగళూరు జేసీ రోడ్ నుంచి గ్యాస్కెట్ సెట్టు, వాటర్ పంపు, బెల్టు తెప్పించా. ఆరోరోజు సాయంత్రం కొత్త గ్యాస్కెట్ బ్లాకు మీద పెట్టి, హెడ్డు దించడానికి మా తమ్ముడిని పిలుస్తున్నా. గేటు దగ్గర సైకిల్ ఆపుకొని ఒక పెద్దాయన చూస్తున్నాడు. హ్యాండిల్‌కు కొత్తిమీర కట్ట వేలాడుతోంది. అడ్రస్ అడగడానికేమో అనుకున్నా.

"బోల్టు బొక్కలు తుడిచినావా అప్పా?" అన్నాడు.

తుడవలేదు. తుడవాలని కూడా తెలియదు. ఆయన సైకిల్ స్టాండ్ వేసి లోపలికొచ్చి ఒక ఇనప చువ్వ అడిగాడు, దానికి మా వాడి పాత బనీను ముక్క చుట్టి, గ్యాస్కెట్ పక్కన పెట్టించి, ఒక్కో రంధ్రంలో దించి తిప్పి తీశాడు. మూడో దాంట్లో నుంచి గుడ్డ తడిసి కారుతూ వచ్చింది. "ఈ నీళ్ళ మీద బోల్టు బిగిస్తే నీళ్ళు యాడికి పోతాయి? పోయే తావు లేక బ్లాకే చీలుతాది." అంటే ఇంకో పది నిమిషాలు ఆయన రాకుండా ఉంటే నా ఇంజిన్ పాత ఇనప సామాను కొట్టుకే.

అంతటితో పోలేదు. హెడ్డు ఫేసింగ్ (అడుగు భాగాన్ని మిషన్ మీద చదును చేయడం) చేయించినావా అన్నాడు, లేదన్నా. స్టీల్ స్కేలు నిలువుగా ఆనించి కింద ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్న రేకులు, దూర్చాడు. 0.05 మిల్లీమీటర్ల రేకు కూడా దూరకూడని చోట 0.15 రేకు హాయిగా పోయింది. మర్నాడు హెడ్డును గోనెసంచిలో చుట్టి, నా స్కూటర్ వెనక కూర్చొని, ఒళ్ళో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొని లేత్ షాపు దాకా వచ్చాడు. ఆయనకు నేనెవరు?

ఆర్టీసీ గ్యారేజీలో 34 ఏళ్ళు చేసి 2016లో రిటైరయ్యాడట. జీవితమంతా లేలాండ్ బస్సులు. జిప్సీ బెల్టు సంగతి తనకు తెలియదని ముందే చెప్పేశాడు, "దీంది నువ్వే చూసుకో, నీ పోనులో చూసి నాకూ చెప్పు" అన్నాడు. 34 ఏళ్ళ మెకానిక్ నాలాంటివాడితో అన్న మాట అది. రేడియేటర్ విప్పితే లోపల సున్నం పొక్కులు, గీజర్ రాడ్‌కు పట్టినట్టు. కూలెంట్ కొనలేక కాదు, బద్ధకం, రెండేళ్ళుగా బోరు నీళ్ళే పోశా. ఆయన ఒక్కసారి నావైపు చూసి, "అనంతపురం బోరు నీళ్ళు మనుషులే తాగలేకుండారు, ఇంజిన్‌కు పోస్తివా" అన్నాడు. తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు.

నిన్న రాత్రి బోల్టులు బిగించాం. మధ్యలో నుంచి బయటికి, మూడు విడతలు, బిగువు ఎంతో కొలిచే టార్క్ రెంచి ఆయనదే, పాత పంచె ముక్కలో చుట్టి తెచ్చాడు. రెండో విడత సగంలో నా చేయి వణకడం మొదలైంది. ఆయన రెంచి నా చేతిలో నుంచి తీసుకొని పక్కన పెట్టాడు. "అన్నం తిన్నావా?" అన్నాడు. పొద్దున్నుంచీ తినలేదు. కిరోసిన్ గుడ్డ తీసుకొని నా కుడిచేయి పట్టుకొని ఒక్కో వేలు తుడిచాడు, తర్వాత ఎడమచేయి, తన సంచిలోంచి డబ్బా తీసి జొన్నరొట్టె, చెనక్కాయల ఊరిబిండి నా ముందు పెట్టాడు. అది ఆయన రాత్రి తినాల్సింది. 41 ఏళ్ళవాణ్ణి, బండి బంపర్‌కు ఆనుకొని ఏడ్చేశాను. ఆయన ఏమీ అనలేదు, నేను తినేదాకా రెంచిని తుడుస్తూ కూర్చున్నాడు.

డబ్బులిస్తే తీసుకోలేదు. పింఛను వస్తుంది లేప్పా అన్నాడు. ఎంత అంటే చెప్పడానికి ఇష్టపడలేదు, రెండోసారి అడిగితే మూడు వేల చిల్లర అన్నాడు. ఆర్టీసీ వాళ్ళు 2020 జనవరి 1న ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, ఈయన అప్పటికే దిగిపోయాడు, మిగిలింది పీఎఫ్ కింద వచ్చే ఈపీఎస్-95 పింఛనే. 2014 నుంచి దాని కనీసం వెయ్యి రూపాయలు, నెలకు. హెడ్డు ముట్టుకోకుండా నా దగ్గర 1,500 తీసుకున్నోళ్ళు ఏసీ గదుల్లో ఉన్నారు, వేలమంది ఎక్కే బస్సులను 34 ఏళ్ళు రోడ్డు మీద నిలబెట్టిన మనిషి కొత్తిమీర కట్ట బేరమాడి కొంటున్నాడు. రాజకీయం అంటారేమో, అనుకోండి.

ఈరోజు స్టార్ట్ అయ్యాక స్క్రూడ్రైవర్ పిడి చెవికి పెట్టుకొని ఇంజిన్ అంతా విన్నాడు, తల ఊపాడు, సైకిల్ తీశాడు. చీనీకాయల సంచి హ్యాండిల్‌కు తగిలిస్తే పది తీసుకొని మిగతావి తిరిగిచ్చాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. అయ్యా, మీకు ఫోన్‌లో ఇవన్నీ చూసే అలవాటు లేదు, మీ మనవరాలు చదివి వినిపిస్తుందని ఆశ.

మా ఆవిడ, తమ్ముడు, అమ్మ పడ్డ పాట్లు వేరే చెప్పాలా, వాళ్ళు ఇంటివాళ్ళు.

అయ్యో, మరిచిపోయా. లేత్ షాపు అన్న ఆదివారం పూట షట్టర్ తీశాడు. బెంగళూరు నుంచి నా పార్సిల్‌ను ఆర్టీసీ కార్గోలో వేసి రసీదు ఫోటో పంపిన జేసీ రోడ్ షాపు కుర్రాడికి కూడా థ్యాంక్స్. కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్లు ఊరికే ఇచ్చిన బ్యాటరీ షాపాయన. కరెంటు పోయినప్పుడల్లా ఫోన్ లైటు పట్టుకొని నిలబడ్డ ఎదురింటి పిల్లోడు, వాడికి రేపు తోటకు రైడ్ బాకీ. ఇంకా పక్కింటి అక్క, పాత ఆయిల్ పట్టడానికి అడగ్గానే బకెట్ ఇచ్చింది. అది ఇక బట్టలకు పనికిరాదు, అక్కా, కొత్తది కొనిస్తా.