వార్డులో ఉండే డాక్టరేట్ కావాలి

కేంద్ర ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. నేను ఐసీయూ నర్సుని. తెల్లవారుజామున మూడింటికి వెంటిలేటర్ అలారం మోగితే ముందు పరిగెత్తేది మేమే. ఎమ్మెస్సీ అయ్యాక డాక్టరేట్ అంటే మాకు కనిపించేది పీహెచ్‌డీ. చేసినవాళ్లు ఎక్కువగా కాలేజీల్లో పాఠాలు చెబుతారు. తప్పనను, కానీ వార్డు వెనకబడిపోతుంది.

అమెరికా నర్సింగ్ కాలేజీల సంఘం 2004లోనే డీఎన్‌పీని (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్, అంటే రోగుల దగ్గర చేసే పనికి సంబంధించిన డాక్టరేట్) సమర్థించింది. అందులో థీసిస్ బదులు వార్డులోనే ఒక మార్పు తెచ్చి చూపించాలి. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఇన్‌ఫెక్షన్లు తగ్గించడం లాంటిది. ఆ సంఘం 2006లో పెట్టిన ప్రమాణాల్లో, బీఎస్సీ తర్వాతి చదువులో మొత్తం కనీసం 1000 గంటల క్లినికల్ పని ఉండాలన్నారు.

మన దగ్గర క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల రెసిడెన్సీ (ఐసీయూలో పని చేస్తూ నేర్చుకునే పీజీ కోర్సు) ఉంది కదా. దానికి పై మెట్టుగా ఇలాంటి డాక్టరేట్ పెట్టించండి. ఉద్యోగం చేస్తూ చదివే వీలు కూడా ఇవ్వండి. మా ఇంటి ఈఎంఐ నైట్ డ్యూటీల మీదే నడుస్తోంది.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు