మంత్రి గారూ, కాన్పుకి ముందే ఆ ఒక్క పరీక్ష రాయించండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అక్క కొడుకుకి ఆరేళ్లు, తలసేమియా మేజర్ (ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు). మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సిస్టర్ సూది తీసేలోపే వాడే ఎడమచెయ్యి చాపి ‘పోయినసారి కుడిది వాచింది, ఈసారి దీనికి’ అంటాడు. ఎండాకాలం కాలేజీలకి సెలవులిచ్చి రక్తదాన శిబిరాలు తగ్గాయంటే ఇక మా ఇంట్లో అందరికీ టెన్షనే.

అక్కకీ బావకీ ఏ జబ్బూ లేదు. మేనరికం. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసుని తయారుచేసే జన్యువు మనకి రెండు కాపీలుంటుంది, అమ్మది ఒకటి నాన్నది ఒకటి. ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది కాబట్టి వీళ్లిద్దరూ హాయిగా తిరిగారు, ఇద్దరిలోని పాడైన కాపీలూ వచ్చి మావాడిలో కలిశాయి. మేనరికంలో ఆ అవకాశం ఎక్కువే గానీ, బయటి సంబంధమైనా ఇద్దరూ క్యారియర్లైతే, అంటే ఒక్కో పాడైన కాపీ ఉన్నవాళ్లైతే, లెక్క ఇదే.

కడుపుతో ఉన్నప్పుడు అక్కకి హిమోగ్లోబిన్ 9.4 ఉందని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి పంపారు. అదే కాగితంలో ఎర్రకణాల సైజు, అదే ఎంసీవీ, 64 అని ఉంది. 80 దాటాల్సింది. ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు క్యారియరా కాదా చెప్పే హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయించి, తేడా ఉంటే బావకీ చేయించి ఉంటే, పదకొండు పన్నెండు వారాలప్పుడు మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతి చెప్పేవాళ్లు.

తర్వాత డాక్టర్లు, బిడ్డకి ఈ జబ్బు వచ్చే అవకాశం ‘నాలుగింట్లో ఒకటి’ అని చెప్పారు. మా అత్తయ్య లెక్కేసుకుంది: ‘ఒకటి అయిపోయింది కదా, ఇక ముగ్గురూ బాగుంటారు!’ ఆమెనేం అనను, నేనూ మొదట అలాగే అనుకున్నా. ప్రతి కాన్పుకీ చింతపిక్కలు మళ్లీ కొత్తగా వేసినట్టేనండీ, పోయినసారి ఏం పడిందో వాటికి గుర్తుండదు. ప్రతిసారీ జబ్బు పడే అవకాశం 25 శాతం, తల్లిదండ్రుల్లా క్యారియర్ అయ్యేది 50, అసలేమీ అంటనిది 25.

హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ పెట్టుకుని జన్యువులు చదివే ఊరు మనది. బస్తీ దవాఖానాలో గర్భిణికి మొదటిసారి తీసే రక్తంలోనే హెచ్‌బీఏ2 కూడా చూడమని ఒక ఉత్తర్వు ఇవ్వండి, భర్తకి అవసరమైతేనే. ఆ చింతపిక్కల లెక్క తెలుగులో, ఉర్దూలో తల్లీబిడ్డల కార్డు వెనక అచ్చు వేయించండి.

అక్కకి ఇప్పుడు రెండో నెల. ఈసారి పరీక్ష మేమే అడిగి చేయిస్తున్నాం.

ఇట్లు,
ఒక మేనమామ, హైదరాబాద్