వాసన వస్తోందంటే గ్యాస్ ఎక్కించాం, అది మా తప్పు

కూకట్‌పల్లి, నిజాంపేట వైపు మా దగ్గర ఏసీ సర్వీసు చేయించుకునే వాళ్లందరికీ ఈ మాట నేనే రాస్తున్నాను. తప్పు మా షాపుది కాబట్టి చెప్పాల్సింది కూడా నేనే.

డిసెంబర్‌లో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లది హాట్ అండ్ కోల్డ్ ఏసీ. ఎండాకాలం గదిలో వేడిని బయట పారబోసే యంత్రమే చలికాలంలో బయటి గాల్లో ఉన్న వేడిని లోపలికి తెస్తుంది. హీట్ పంప్ అంటారే, అదే ఇది. రాత్రిపూట వేడి పెట్టుకుంటే గదంతా ఏదో వాసన వస్తోందన్నారు. మా కుర్రాడు వెళ్లి, గ్యాస్ లీకని చెప్పి, గ్యాస్ ఎక్కించి 2,800 రూపాయలు తీసుకున్నాడు. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. ఈసారి వాటర్ వాష్ చేసి 600 తీసుకున్నాం. మూడోసారి మాస్టారి భార్య చేశారు. "బాబూ, డబ్బుల సంగతి కాదు. ఆయనకు ఆయాసం. ఆ గదిలో పడుకోలేకపోతున్నారు" అన్నారు. అప్పుడు నేనే వెళ్లాను.

గదిలో అడుగు పెట్టగానే తెలిసిపోయింది, మురుగు వాసన. ఫ్లాట్ కట్టినప్పుడే ఏసీ నీళ్ల పైపును గోడలోంచి తీసుకెళ్లి బాత్రూమ్ మురుగు లైన్లో కలిపేశారు. మధ్యలో ఒక వంపు పెట్టారు. ఆ వంపులో నీళ్లు నిలిచి ఉన్నంతకాలం మురుగు గాలి పైకి రాదు. కూలింగ్ నడిచే రోజుల్లో ఏసీ నీళ్లే దాన్ని నింపుతుంటాయి. వేడి పెట్టినప్పుడు లోపలి యూనిట్‌లో నీళ్లు ఊరవు. అలా వంపు ఎండిపోయి, మురుగు గాలికి దారి దొరికింది. లోపలి యూనిట్ కింద నీళ్లు పడే ట్రేలో మెల్లగా రెండు చెంబుల నీళ్లు పోశాను. అరగంటలో వాసన పోయింది. చెంబుడు నీళ్లతో తీరేదానికి ఆ పెద్దవాళ్ల దగ్గర 3,400 తీసుకున్నాం! అక్కడే తిరిగిచ్చి, మర్నాడు పైపును బాల్కనీలోకి మళ్లించాం.

ఆ కుర్రాణ్ని నేను తప్పు పట్టను. గ్యాస్ ఎక్కించిన ప్రతిసారీ అతనికి కమిషన్ ఇచ్చే పద్ధతి పెట్టింది నేనే. అలాంటప్పుడు ఏ వాసనైనా గ్యాస్ వాసనే అవుతుంది. ఈ నెల నుంచి ఆ కమిషన్ తీసేసి, జీతం పెంచాను.

మీరు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. వంటగ్యాస్‌కి నిజానికి వాసన ఉండదు. లీకైతే మనకు తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ అలవాటుతోనే ఏసీ గ్యాస్ కూడా వాసనేస్తుందని అందరం అనుకుంటాం. ఏసీల్లో వాడే ఆర్32, ఆర్410ఏ గ్యాసుల్లో అలాంటిదేమీ కలపరు, వాటి వాసన దాదాపు తెలియదు. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది, లోపలి కాయిల్ మీదో పైపు మీదో ఐసు కడుతుంది, జాయింట్ల దగ్గర నూనె జిడ్డు కనిపిస్తుంది. పైగా అది బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కారే చోటు మూయకుండా ఎక్కిస్తే మళ్లీ కారిపోతుంది. అలాగని వాసన లేదు కదా అని లీకును తేలిగ్గా తీసుకోవద్దు. ఆర్32కి కొంత మండే గుణం ఉంది. ఆర్290 అయితే ప్రొపేనే, వంటగ్యాస్‌లాగే అంటుకుంటుంది. మీది ఏ గ్యాసో అవుట్‌డోర్ యూనిట్ లేబుల్ మీద రాసి ఉంటుంది.

ఇకపై మీరు ఫోన్ చేస్తే, ఆ వాసన ఎలా ఉంది, ఎప్పుడు వస్తోంది అని ముందే అడుగుతాం. విసుక్కోకండి, సగం పని అక్కడే అయిపోతుంది. తడిబట్టలు బకెట్లో మగ్గిన వాసన, అదీ వేసిన మొదటి పది నిమిషాలే వస్తే, కాయిల్ మీదా బ్లోయర్ మీదా బూజు పట్టినట్టు. దానికి కడగడమే మందు. తర్వాత రోజూ ఆపే ముందు అరగంట ఫ్యాన్ మోడ్‌లో నడిపితే లోపల తడి ఆరుతుంది. చలికాలంలో మొదటిసారి వేడి పెట్టినప్పుడు కాసేపు దుమ్ము వాసన రావడం మామూలే, కిటికీలు తీయండి. రోజూ వస్తుంటే మాత్రం పిలవండి. కుళ్లు వాసన అయితే ఎక్కడో బల్లో ఎలుకో చచ్చి ఉంటుంది.

కమురు వాసన, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే మాకు ఫోన్ చేయడం తర్వాత, ముందు ఏసీకి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించేయండి. రిమోట్‌తో ఆపితే చాలదు, లోపలికి కరెంటు వస్తూనే ఉంటుంది. మేం వచ్చి చూసేదాకా మళ్లీ వేయొద్దు. లూజు కనెక్షన్ కావచ్చు, బోర్డు మీద బల్లి పడి షార్ట్ అయి ఉండొచ్చు. ఇలాంటి ఫోన్‌కి రాత్రి పది దాటినా నేను వస్తాను.

గ్యాస్ ఎక్కించాలని మావాళ్లెవరైనా చెబితే, లీకైన చోట సబ్బు నీళ్లు రాసి బుడగలు చూపించమనండి. చూపించకపోతే డబ్బులివ్వకండి.

ఈ ఏడాది వాసన అని పిలిస్తే గ్యాస్ ఎక్కించిన ఇళ్లు మా పుస్తకంలో 11 ఉన్నాయి. అన్నింటికీ నేనే వచ్చి ఉచితంగా చూస్తాను. గ్యాస్ అవసరం లేకుండా ఎక్కించామని తేలితే మొత్తం తిరిగిస్తాను. మీ దగ్గర బిల్లు లేకపోయినా పర్వాలేదు, ఫ్లాట్ నంబరు చెప్పండి చాలు.